పెన్నలో నీళ్లే ఉండవు కదా, మరి ఒడ్డున ఇన్ని గుళ్లెందుకు? పుష్కరాల్లో దాని పేరెందుకు లేదు?

గౌతమీపాయ:

ముందే చెప్తున్నా, వెక్కిరించడానికి అడగడం లేదు, ఇంట్లో ఇప్పటికే అక్షింతలు పడ్డాయి.

నాది కోనసీమ. పెళ్లయి రెండేళ్లయింది, అత్తవారిది మైదుకూరు. మొన్న మే నెలలో మైదుకూరు నుంచి కడపకి బస్సులో వెళ్తుంటే చెన్నూరు దగ్గర పొడవాటి వంతెన వచ్చింది. కింద చూస్తే ఇటు చివర నుంచి అటు చివర దాకా ఇసుకే. మేకలు తిరుగుతున్నాయి, ఒక ట్రాక్టరు నిలబడి ఉంది, పిల్లలు వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడుతున్నారు. మా ఆవిడ వాళ్ల జేజి కిటికీ పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, "పెన్నమ్మ తల్లీ" అంటూ బయటికి విసిరింది. నేను ఊరుకోవచ్చు కదా. "జేజీ, నీళ్లలో వేస్తే పుణ్యం గానీ ఇసుకలో వేస్తే ఏముంది, ఆ పిల్లలకి టాసుకి పనికొస్తుంది" అన్నాను. జేజి నవ్వేసింది. మా ఆవిడ మాత్రం కడప బస్టాండు దాకా మాట్లాడలేదు, దిగాక కూడా.

ఇంటికొచ్చాక మ్యాపు తీసి చూస్తే ఇంకా అయోమయంగా ఉంది. కర్ణాటకలో పుట్టి, ముందు ఉత్తరానికి పోయి, అనంతపురం జిల్లాలో ఎక్కడో మలుపు తిరిగి తూర్పుకి వస్తోంది. పొడవు 597 కిలోమీటర్లట. అంత పొడుగు నదిలో నీళ్లెందుకు లేవు? నీళ్లు లేని నది ఒడ్డున తాడిపత్రి, పుష్పగిరి, జొన్నవాడ అంటూ అన్ని క్షేత్రాలు ఎలా వెలిశాయి? అంత మహిమ ఉంటే మా గోదావరికీ, కృష్ణకీ, చివరికి ప్రాణహితకీ ఉన్న పుష్కరాలు దీనికి ఎందుకు లేవు? తెలిసినవాళ్లు కొంచెం ఓపిగ్గా చెప్పండి.

ఏటిగడ్డ:

అన్నా, టాసు మాట బాగుంది కానీ నా ఓటు మీ ఆవిడకే. మాది సిద్ధవటం దగ్గర ఒక పల్లె, ఇల్లు ఏటికి అర కిలోమీటరు కూడా ఉండదు.

పెన్నలో నీళ్లు లేవనేది వంతెన మీద నుంచి చూసేవాళ్ల మాట. కిందికి దిగి చెయ్యి పెట్టి చూడాలి. మా చిన్నప్పుడు ఎండాకాలమంతా ఇంట్లో తాగింది చెలమ నీళ్లే. తెల్లారకముందే మా అమ్మ, పెద్దమ్మ బిందెలు తీసుకుని ఏట్లోకి పోయేవాళ్లు, వెనక నేను చెంబు పట్టుకుని. ఇసుక ఎక్కడ కొంచెం నల్లగా, చల్లగా తగులుతుందో అరికాలికే తెలిసిపోతుంది. అక్కడ మోకాలి లోతు గుంత తీస్తే అడుగున చెమ్మ, తర్వాత బురద నీళ్లు ఊరతాయి. ఆ మొదటి నీళ్లు తోడి పారబోయాలి, రెండోసారీ పారబోయాలి, మూడోసారి ఊరేది తేట నీరు, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకోవచ్చు. ఒక బిందె నిండటానికి పావుగంట పట్టేది, అందుకే ఆడవాళ్ల కబుర్లన్నీ అక్కడే తెమిలేవి. గుంత అంచులు కూలకుండా మెల్లగా ముంచాలి, తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. నేను చాలాసార్లు తొందరపడి తన్నులు తిన్నాను.

పొలాలకు ఊట కాలువలుండేవి. ఇసుక కింద నీళ్లు కదులుతూనే ఉంటాయి కదా, ఏటి పైభాగంలో ఇసుకలో లోతుగా కాలువ తవ్వి, ఏటికంటే తక్కువ వాలుతో దిగువకు తెస్తే, కొంత దూరం పోయేసరికి ఆ ఊట నీళ్లు గట్టు మీది పొలంలోకి పారతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడింట్లోనూ ఈ పద్ధతి ఉండేది. కాకపోతే ఏరొచ్చిన ప్రతిసారీ కాలువ ఇసుకతో పూడిపోతుంది, మళ్లీ ఇంటికొక మనిషి పార పట్టుకుని పోవాలి. బోర్లు వచ్చాక ఆ ఇంటికొక మనిషి పోయాడు, తర్వాత కాలువలు పోయాయి.

ఇంక సిద్ధవటం దోసపండు గురించి వినలేదా? కూరదోస కాదు, తీపి పండు, మీరు కర్బూజా అంటారు. ఏరు తగ్గాక ఇసుకలో గుంతలు తీసి, పెంట ఎరువు వేసి గింజ పెడితే ఎండలు ముదిరేసరికి కాయలు. పండు కోస్తే వాసన పక్కింటికి పోతుంది. అది నీళ్లు లేని చోట పండుతుందంటావా?

ఎందుకు పారదు అంటే, పుట్టుకలోనే ఉంది. గోదావరి, కృష్ణ, తుంగభద్ర పడమటి కనుమల్లో పుడతాయి, అక్కడ వానలు కుండపోత. పెన్న పుట్టేది చిక్కబళ్లాపురం వైపు నంది కొండల్లో. ఆ కొండలు పడమటి కనుమలకి చాలా ఇవతల, మబ్బులు అక్కడికి వచ్చేసరికి సగం ఖాళీ అయి వస్తాయి. తర్వాత దాటేది అనంతపురం, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే జిల్లా. పైగా దారి పొడవునా గొలుసుకట్టు చెరువులు, వచ్చిన చుక్కను వచ్చినట్టే ఆపేస్తాయి. అది తప్పు అని కూడా అనలేం, ఈ నేలలో చెరువు లేకుండా ఊరు లేదు. సగిలేరు వైపు పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించింది. 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లు పనిచేశారని, మంచి చెరువుకి ఉండాల్సిన లక్షణాలు 12 అని అందులో చెక్కించారు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది.

అయినా అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే పెన్న వేరే మనిషి. ఏరొచ్చేది ఒక్కసారన్నా చూడాలి. మొదటి నీళ్లు మనిషి నడక కంటే నెమ్మదిగా వస్తాయి, ఇసుక తాగుతుంటే బుస్సుమని సన్నగా చప్పుడు, ముందు వరసలో నురగ, ఎండుటాకులు, మేక పెంటికలు, ఒక తెగిన చెప్పు. ఆ నీళ్లకే మా ఊరి ఆడవాళ్లు పసుపు కుంకుమ వేస్తారు. సాయంత్రానికి అదే ఏరు గట్టు మీది తుమ్మచెట్టును పెరికి తీసుకుపోతుంది.

తాడిపత్రి నాపరాయి:

ఏటిగడ్డ అన్న కింద నుంచి చెప్పాడు, నేను పైనుంచి చెప్తాను, ఎందుకంటే పెన్న అనగానే అందరూ కడప నుంచే మొదలుపెడతారు, మా అనంతపురాన్ని దాటేస్తారు.

నంది కొండల నుంచి రెండు పినాకినులు పుడతాయి. దక్షిణానికి పోయేది దక్షిణ పినాకిని, తమిళనాడులో తెన్‌పెణ్ణై అంటారు, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తరానికి వచ్చేది మనది, ఉత్తర పినాకిని. పినాకం శివుడి విల్లు, అందుకే ఆ పేరు. మీరు మ్యాపులో అయోమయపడ్డ ఆ మలుపు ఉంది చూడండి, హిందూపురం వైపు నుంచి పైకి వచ్చి పామిడి దగ్గర తూర్పుకి తిరిగేది, దాన్ని చూస్తే విల్లు వంపులాగే ఉంటుంది. పేరు పెట్టినవాళ్లు మ్యాపు చూడలేదు గానీ నాకు మాత్రం అలాగే తోస్తుంది. పెను ఏరు, పెన్నేరు అయిందని అనేవాళ్లూ ఉన్నారు. 597లో కర్ణాటకలో 61 కిలోమీటర్లే, మిగతా 536 మనవి.

హిందూపురం దగ్గర జయమంగళి కలుస్తుంది. తర్వాత పేరూరు డ్యామ్. అది నిండిందంటే పేపర్లో ఫొటో వేస్తారు, అంత అరుదు. పైన కర్ణాటకలో కట్టుకున్న చెరువులూ చెక్‌డ్యామ్‌లే కారణమని మా వైపు పోట్లాట ఎప్పటినుంచో ఉంది. 1892లో మద్రాసు ప్రభుత్వానికీ మైసూరు సంస్థానానికీ నదుల మీద ఒప్పందం జరిగింది, కావేరి గొడవలో దాని పేరు వింటుంటాం కదా, ఆ జాబితాలో పెన్న కూడా ఉంది.

ఇంకా పాత సంగతి ఒకటి చెప్తా. గౌరీబిదనూరు వైపు 1388 నాటి శాసనం ఒకటుంది. విజయనగరం వాళ్లలో ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఏలుతున్నప్పుడు, జనానికి నీళ్లుండాలని చెప్పి, జలసూత్రం తెలిసిన సింగాయభట్టు అనే ఆయన్ను పిలిచి, హెన్నె నదిని పెనుకొండకు తెమ్మన్నాడు, ఆయన కాలువ తవ్వించాడు. హెన్నె అంటే పెన్నే, కన్నడంలో ప హ అవుతుంది కదా, పాలు హాలు అయినట్టు. అంటే ఆరు వందల ఏళ్ల కిందట కూడా ఇంజినీరును పిలిచి బతిమాలుకుంటే గానీ పెన్న పెనుకొండకు రాలేదన్నమాట. ఇది తలుచుకుంటే నాకు ఎందుకో ధైర్యంగా ఉంటుంది.

ఇక గుళ్లు. ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం, అక్కడ లక్ష్మీనరసింహస్వామి పాదానికి పూజ. మా తాడిపత్రిలో ఏటి ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరుడు. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర నీళ్లు ఊరుతూనే ఉంటాయి, బయట పెన్న ఎండి రాళ్లు పగులుతున్నా లోపల తడి ఆరదు. ఏటిగడ్డ అన్న చెప్పిన చెలమ లాంటిదే, కాకపోతే దాని చుట్టూ విజయనగరం కాలంలో గుడి కట్టారు. శిఖరాలు లేని గోపురాలు, కింది నుంచి పై దాకా శిల్పం, ఒక్కసారి వచ్చి చూడండి, బస్టాండు నుంచి ఆటో చాలు.

గౌతమీపాయ:

ఇద్దరికీ థాంక్స్. చెలమ సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, తనకీ తెలుసట, నాకెప్పుడూ చెప్పలేదు. పుష్కరాల మాట ఎవరూ ఎత్తలేదు?

పంచాంగం పక్క పేజీ:

పుష్కరాలది లెక్క. గురుడు ఏడాదికొక రాశిలో ఉంటాడు, రాశులు 12, కాబట్టి నదులు 12. మేషానికి గంగ, సింహానికి గోదావరి, కన్యకి కృష్ణ, మకరానికి తుంగభద్ర, మీనానికి ప్రాణహిత, ఇలా. పదమూడో నదికి చోటు లేదు, అంతే. అయినా ఆ పన్నెండు కూడా అందరికీ ఒకటే కాదు, వృశ్చికానికి కొందరు భీమ అంటారు, తమిళనాడులో తామ్రపర్ణి అంటారు. పేరు జాబితాలో లేదు కాబట్టి నది తక్కువదని కాదు. తమిళ వైగై కూడా ఆ పన్నెండులో లేదు, మదురై వాళ్లను వెళ్లి అడగండి.

పైగా పెన్నకి పుష్పగిరి ఉంది. పెన్న, పాపాఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి, అయిదూ కలిసే చోటు కాబట్టి పంచనదీ క్షేత్రం అంటారు. ఒకే చోట చెన్నకేశవుడూ వైద్యనాథేశ్వరుడూ ఉన్నారు, హరిహర క్షేత్రం. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క అక్కడి కోనేట్లో పడి, అందులో మునిగిన ముసలివాళ్లు పడుచువాళ్లయిపోతుంటే, హనుమంతుడు కొండ తెచ్చి దాని మీద వేశాడట. కొండ మునగకుండా పువ్వులా తేలింది, అందుకే పుష్పగిరి. కొండ తేలిందో లేదో గానీ, చెన్నకేశవాలయం గోడల మీద శిల్పం చూస్తే ఎవరైనా కాసేపు తేలతారు.

కోవూరు కోడలు:

నీళ్లు లేని నది, నీళ్లు లేని నది అని ఇందరు అంటుంటే నవ్వొస్తోంది. మా నెల్లూరుకు వచ్చి ఆ మాట అనండి.

మీరంతా ఎగువ వాళ్లు. సోమశిల దగ్గర పెన్న వెలికొండల సందులోంచి బయటపడుతుంది, అక్కడి నుంచి వేరే లోకం. సంగం దాటాక రెండు వైపులా వరి. నెల్లూరు ఆనకట్ట 1850ల్లో కట్టిందే, సంగం ఆనకట్ట తర్వాత వచ్చింది, 2022లో రెండు చోట్లా కొత్త బ్యారేజీలు మొదలయ్యాయి. మొలగొలుకులు తిన్న నోటికి వేరే బియ్యం ఎక్కదని మా మామగారు ఇప్పటికీ అంటారు, ఇప్పుడు ఆ వడ్లు ఎక్కడ దొరుకుతాయో ఆయనకే తెలియాలి. నెల్లూరులో ఏటి ఒడ్డునే తల్పగిరి రంగనాథుడు, అవతలి ఒడ్డు మీద కొంచెం ఎగువకు పోతే జొన్నవాడ కామాక్షమ్మ. పిల్లలు లేనివాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు జొన్నవాడలో పెన్నలో మునిగి తడిబట్టలతోనే గుళ్లో నిద్ర చేస్తారు. మా ఆడపడుచు చేసింది. తిక్కన సోమయాజి మనుమసిద్ధి కొలువులో ఉన్నది కూడా ఈ ఊళ్లోనే, అప్పట్లో విక్రమసింహపురి. ఆయన పెన్న ఒడ్డున కూర్చుని రాశాడని మా వాళ్లందరూ చెప్పుకుంటారు.

కారణం ఏమిటంటే మాకు వానలు జూన్‌లో రావు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకి వస్తాయి. చెయ్యేరు, సగిలేరు, కుందూ అన్నీ కలిసొచ్చేది మా నెత్తి మీదికే. 2021 నవంబరులో ఏం జరిగిందో మర్చిపోయారా? పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు వేలాడాయి, హైవే తెగింది, మద్రాసు వైపు లారీలన్నీ ఆగిపోయాయి. మా వీధిలో నడుము లోతు నీళ్లు. నేను పెళ్లి చీరలు ఉన్న పెట్టె అటక మీద పెట్టాను గానీ పిల్లల సర్టిఫికెట్లు కింద అలమరాలో వదిలేశాను, దాని మీద ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుపులే. నీళ్లు తీశాక గుమ్మంలో జానెడు ఒండ్రు. చీపురుకి రాదు, పారతో ఎత్తాల్సొచ్చింది.

తాడిపత్రి నాపరాయి:

అక్కా, మా పేరూరు నిండక మేం ఏడుస్తుంటే మీరు ఎక్కువై ఏడుస్తున్నారు, అదే పెన్న అదే ఏడాది. దీన్నేమంటారు.

కోవూరు కోడలు:

ఏమంటాం తమ్ముడూ, అయిదు వందల కిలోమీటర్ల పొడుగు అంటాం.

గౌతమీపాయ:

మధ్యలో ఒక డౌటు. గండికోట ఫొటోల్లో లోయ నిండా నీళ్లు కనిపిస్తాయి కదా, జమ్మలమడుగు దగ్గరే కదా అది. చెన్నూరులో ఇసుక, అక్కడ నీళ్లు, ఎలా?

ఏటిగడ్డ:

అది మన పెన్న నీళ్లని ఎవరు చెప్పారు? చాలావరకు కృష్ణ నీళ్లు. గండికోట జలాశయం 26.85 టీఎంసీలు, శ్రీశైలం వెనక జలాల నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో వచ్చి నిండుతుంది. దాని కోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు 2020లో మునిగిపోయాయి, మాకు తెలిసినవాళ్లు ఇంటి తలుపులు, దూలాలు ఊడదీసి ట్రాక్టర్లకెత్తుకున్నారు. సెల్ఫీలు దిగేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

అసలు ఇప్పుడు పెన్న తన నీళ్లకంటే పక్కవాళ్ల నీళ్లే ఎక్కువ మోస్తోంది. అనంతపురంలో పెన్నహోబిలం జలాశయం, మిడ్ పెన్నార్ రెండింటికీ వచ్చేది తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు. సోమశిల 78 టీఎంసీలు, అందులోకి తెలుగుగంగ ద్వారా వెలుగోడు మీదుగా కృష్ణ వస్తుంది, అక్కడి నుంచి కండలేరు, అక్కడి నుంచి చెన్నై దగ్గర పూండి. 1983లో ఒప్పందం, 1996లో మొదటిసారి నీళ్లు చేరాయి. మద్రాసులో కుళాయి తిప్పినవాడికి మధ్యలో పెన్న ఉందని తెలుసా?

ఇది కొత్త కూడా కాదు. మీ కాటన్ దొర, మీరు విగ్రహాలు పెట్టుకుని పూజ చేసే ఆయన, తుంగభద్రను పెన్న వైపు తిప్పాలని అప్పట్లోనే పట్టుబట్టాడు. సుంకేసుల నుంచి కడప దాకా కేసీ (కర్నూలు-కడప) కాలువ అలా వచ్చిందే, 1860ల్లో ఒక కంపెనీ తవ్వింది, పడవలు నడపడానికీ పొలాలకీ రెండింటికీ పనికొస్తుందని. కొంత దూరం కుందూ నదినే కాలువగా వాడుకున్నారు. కంపెనీ నష్టాల్లో మునిగి 1882లో ప్రభుత్వం కొనేసింది. మీ దగ్గర గెలిచిన ఆయన మా దగ్గర అప్పులపాలు చేశాడు, కానీ కాలువ మాత్రం ఇంకా మా పొలాలకు పారుతోంది, కాబట్టి మేమూ దణ్ణం పెడతాం.

గండికోటకు మాత్రం పోండి. ఎర్రమల కొండల్ని ఏరు కోసుకుంటూ వచ్చి దాదాపు 300 అడుగుల లోతు గండి చేసింది, అందుకే ఆ పేరు. పైన కోట, మాధవరాయల గుడి, జామా మసీదు ఒకదాని పక్కన ఒకటి. కోట అంచున సాయంత్రం గాలికి నిలబడి చూస్తే ఏరే ఆ రాయిని కోసిందంటే నమ్మబుద్ధి కాదు, మరి అంత ఓపిక దానికి ఎక్కడిదో.

చెయ్యేటి ఒడ్డు:

ఉపనదుల పేర్లు గబగబా చదివేసి దాటేస్తున్నారు, మా చెయ్యేటికి కథ ఉంది వినండి.

రాజంపేట దగ్గర అత్తిరాల. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. తమ్ముడు ఆకలేసి అన్న తోటలో చెప్పకుండా పండు కోసుకు తిన్నాడు. అన్న ఊరుకోలేదు, తప్పు తప్పే, రాజు దగ్గరికి పోయి శిక్ష వేయించుకో అన్నాడు. రాజు వద్దన్నా తమ్ముడు పట్టుబడితే చేతులు నరికించాడు. మొండి చేతులతో ఏట్లో మునిగితే మళ్లీ చేతులొచ్చాయి. అందుకే బాహుద, అంటే బాహువులిచ్చినది, మా వాడుకలో చెయ్యేరు. భారతంలో ఉన్న కథే, మా వైపు ముసలివాళ్లు మాత్రం ఆ తోట ఎక్కడుండేదో కూడా చూపిస్తారు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఆ అన్న మీద కోపం వచ్చేది, ఒక్క పండుకి ఇంత రాద్ధాంతమా అని.

2021 నవంబరు 19న అదే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మందపల్లి, పులపుత్తూరు వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. నందలూరు సౌమ్యనాథుడి గుడికి మా వాళ్లు ఏటా పోయే దారిలో పొలాలుండేవి, ఇప్పుడు చూస్తే తెల్లగా ఇసుక పరుచుకుని ఉంది. పొలం ఏదో ఏరేదో గట్టు గుర్తులు పోయి, సర్వే రాళ్ల కోసం గడ్డపారలతో తవ్వుకున్నారు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఏటిగడ్డ:

మీరు ఇసుక అన్నారు కాబట్టి ఒక మాట. మా ఊరి దగ్గర ఇప్పుడు చెలమ తీస్తే మోకాలి లోతులో నీళ్లు రావు. రాత్రుళ్లు టిప్పర్లు. ఎవరివో, ఎవరి అండతోనో అందరికీ తెలుసు, ఇక్కడ రాయను. ఇసుక అంటే పెన్నకు కుండ లాంటిది, అది ఎత్తుకుపోతే వచ్చిన నీళ్లు వచ్చినట్టే నెల్లూరు చూస్తాయి, మా బావుల్లోకి ఇంకవు. దోస వేసే మా చిన్నాన్న మూడేళ్లుగా వేయడం లేదు, అడుగున రాయి బయటపడింది అంటున్నాడు. కోవూరు అక్క వాళ్లకి వరదొస్తే ఉధృతం పెరగడానికి ఇది కూడా ఒక కారణమని నా అనుమానం.

కోవూరు కోడలు:

అనుమానమేం కాదు. మా దగ్గర ఊటుకూరు వైపు, ఏరు సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో, బోర్లలో ఉప్పు నీళ్లు వస్తున్నాయి. రొయ్యల చెరువులు కొంత, ఇసుక తవ్వకాలు కొంత. ముందు మా అత్తగారు ఆ వైపు చుట్టాలింటికి పోతే అక్కడి నీళ్లే తాగేది, ఇప్పుడు క్యాన్ వేసుకుని పోతున్నాం.

గౌతమీపాయ:

ఆదివారం మొత్తం జేజికి కూర్చోబెట్టి చదివి వినిపించాను. సింగాయభట్టు, అమృతం చుక్క, అన్నీ శ్రద్ధగా విన్నది. చెలమ దగ్గర ఆపమంది. "ఆ నీళ్లతో పప్పు పొయ్యి మీద పెట్టి ఆవుకు గడ్డి వేసి వచ్చేలోపు ఉడికేది, ఇప్పుడు బోరు నీళ్లకి కుక్కర్ ఏడు విజిళ్లు వేసినా పలుకే" అంది. రూపాయి సంగతి కూడా అడిగేశాను, ఇసుకలో ఎందుకు వేశావు అని. వాళ్ల అమ్మ ఎద్దులబండి మీద దాటేటప్పుడు వేసేది, తను బస్సులో వేస్తోంది, అంతే అంది. ఆ పిల్లలు ఏరుకుంటారని తనకీ తెలుసట, ఆమె చిన్నప్పుడు అదే పని చేసేదట, ఒకసారి అర్ధణా దొరికితే బొరుగులు కొనుక్కుందట.

వచ్చే శనివారం ముగ్గురం పుష్పగిరి వెళ్తున్నాం. జేజి ఏట్లో నడుస్తానని పట్టుబట్టింది, ఎనభై దగ్గర పడింది, మా ఆవిడకి టెన్షన్. కడప నుంచి ఎలా పోవాలి, ఆమెను నడిపించొచ్చా?

ఏటిగడ్డ:

కడప నుంచి దగ్గరే అన్నా, ఆటో మాట్లాడుకోండి, తిరిగి రావడానికి కూడా అక్కడే ఉండమని ముందే చెప్పండి. గుళ్లు ఏటికి రెండు వైపులా ఉన్నాయి, ఇప్పుడైతే నీళ్లు లేవు కాబట్టి ఇసుకలో నడిచి దాటొచ్చు. పొద్దున తొమ్మిదిలోపు దాటేయండి, పది దాటితే ఇసుక పెనంలా కాలుతుంది, ఒడ్డు నుంచి గుడే కదా అని చెప్పులు ఆటోలో వదిలేయొద్దు. జేజికి ఒక కర్ర ఇవ్వండి, చేతికి ఒక చెంబు కూడా ఇవ్వండి.